నిబంధన మామ్మకూ వర్తిస్తుంది

ఉక్కు కర్మాగారం ఇంకా పునాదుల్లోనే ఉన్న ఆ కాలంలో గాజువాకలో దుమ్ముకూ కొదవ లేదు, ఆశకూ కొదవ లేదు. మెకానికల్ డిప్లొమా పుచ్చుకుని ఒక కాంట్రాక్టరు వర్క్‌షాపులో కొత్తగా చేరిన నాకు రెండోది మరీ ఎక్కువ. ఏ లోపమైనా సరే, కారణాలు వరుసగా రాసుకుని ఒక్కొక్కటే సరిచేస్తే పోయితీరుతుందని నా నమ్మకం. (ఇంట్లో పప్పు మాడినా కారణాలు ఒకటి, రెండు, మూడు అని వివరించేవాణ్ణి. నాలుగోది చెప్పేలోగా అమ్మ గరిటె ఎత్తేది.) అలాంటి నన్ను మా వీధి కుర్రాళ్ళు యువజన సంఘానికి కార్యదర్శిని చేశారు. మినిట్స్ రాయడానికి ఇంకెవరూ ఒప్పుకోకపోవడమే నా అర్హత.

ఆ ఏడాది మా తమ్ముడి క్లాసు పిల్లలు కొందరు హైస్కూలు గోడ వెనక సిగరెట్లు కాలుస్తూ దొరికిపోయారు. అంతా ఎనిమిదో తరగతివాళ్ళు. ఆరా తీస్తే సరుకు మా వీధి చివరి కిల్లీ కొట్టుదేనని తేలింది. ఆ కొట్టు యజమానిది నా ఈడే. చుట్టరికం ఏదీ లేకపోయినా అందరికీ బావే గనుక కిల్లీ బావ అనేవాళ్ళం. "పిల్లలకు పొగాకు అమ్మకు బావా" అని అడిగాను. "నానేటి పిలిసి అమ్మతన్నానేటి బావా? మా అయ్య తెమ్మన్నాడంతారు. అయ్యకో గుంటడికో నాకెలా తెలుస్తాది? సిగరెట్టు మీద పేరు రాసుంటాదేటి?" అన్నాడు. నిజమే కదా అనిపించి, ఆలోచించి మూడు నిబంధనలు తయారుచేశాను. ఒకటి, బడి పిల్లలకు పొగాకు అమ్మరాదు. రెండు, వయసు మీద అనుమానం ఉంటే అమ్మరాదు. మూడు, పెద్దలు పంపిన పిల్లలకు మినహాయింపు.

వారం తిరిగేసరికి గాజువాకలోని పిల్లలందరూ పెద్దలు పంపినవాళ్ళే అయిపోయారు. తండ్రి ఓడ మీద సింగపూరు దగ్గరెక్కడో ఉన్న కుర్రాడు కూడా "నాన్న పంపాడు" అన్నాడట. దాంతో మూడో నిబంధన కొట్టేశాను. పెద్దలకు కావాలంటే పెద్దలే వచ్చి కొనుక్కోవాలి, అంతే. ఆ సంగతి రేకు మీద స్కేలు పెట్టి గీతలు గీసి, ఎనామెల్ పెయింటుతో నా చేత్తో రాసి కొట్టు నుదుట కొట్టాను. అక్షరాలు ఎంత తిన్నగా వచ్చాయో ఇప్పటికీ గర్వమే.

మరిచిపోయింది మా ఇంట్లోని మామ్మను. మామ్మది పద్మనాభం వైపు పల్లె. అక్కడి ఆడవాళ్ళలాగే తనదీ అడ్డపొగ, అంటే చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చడం. (చూడనివాళ్ళు నమ్మరు. మామ్మ అలా కాలుస్తూనే పక్కింటివాళ్ళతో దెబ్బలాడగలదు కూడా.) భోజనం కాగానే తమ్ముడు చుట్ట తేవాలి. ఆ రోజు వాడు ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. "ఏరా, నీ రూలు నాకేటి? నానేటైనా బడికెల్తన్నానా?" అని మామ్మ నిలదీసింది. "నీకు కాదు మామ్మా, వాడికి. నేను డ్యూటీ నుంచి వస్తూ తెస్తాలే" అన్నాను. "నువ్వొచ్చీసరికి నా పేనం పోద్ది!" అంటూ చీర చెంగు బిగించి తనే బయలుదేరింది.

తనొక్కతే కాదు. పిల్లల్ని పంపడం ఆగేసరికి ప్రతి ఇంటి నుంచీ తండ్రులూ ముసలమ్మలూ కొట్టుకు రావడం మొదలైంది. మా డిప్లొమా పుస్తకాల్లో ఎక్కడా లేని చిక్కు ఇక్కడే వచ్చింది. మన వైపు పెద్దవాళ్ళ ఎదుట సిగరెట్టు కాల్చరు కదా. అంతవరకూ కుర్రకారు నిశ్చింతగా పొగ వదిలిన చోటుకి ఇప్పుడు ఏ నిమిషాన ఎవరి నాన్న వస్తాడో తెలియదు. మా వర్క్‌షాపు మీసాల మేస్త్రి అరిస్తే క్రేను ఆగేది. అంతటివాడు ఒకరోజు వెనక నుంచి మామ్మ రావడం చూసి, వెలుగుతున్న సిగరెట్టును ప్యాంటు జేబులో తోసేసి, చేతులు కట్టుకుని "బాగున్నావా పిన్నమ్మా" అన్నాడు. "నాను బాగానే ఉన్నాను గానీ, నీ జేబు కాల్తంది సూసుకోరా" అంది మామ్మ.

నవ్వుకున్నాం గానీ కిల్లీ బావ నవ్వలేదు. "కుర్రోల్లంతా మెయిన్ రోడ్డు కొట్టుకి పోతన్నారు బావా. నా పెల్లాం పిల్లలేటి తింతారు? ఆదోరం దాకా సూస్తాను. తర్వాత నీ రేకు నువ్వు పట్టుకుపో" అన్నాడు. సంఘం చేసిన ఒకే ఒక్క మంచి పని మేకులతో సహా ఊడిపోయేలా ఉంది. ఆదివారం అయిదు వాదనలు సిద్ధం చేసుకుని వెళ్ళాను. బావ అప్పటికే కటింగ్ ప్లేయరు బయటికి తీసి పెట్టుకున్నాడు. బల్ల మీద మామ్మ చుట్టతో కూర్చుని ఉంది. నేను మొదటి వాదన మొదలుపెట్టేలోపే గౌను వేసుకున్న ఒక చిన్నపిల్ల వచ్చి, "మా నాన్న సిగరెట్లు తెమ్మన్నాడు" అని చెయ్యి చాపింది. బావ ఒకసారి నా వైపు చూసి, పెట్టె అందుకోబోయాడు.

మామ్మ నోట్లోంచి చుట్ట తీసింది. "ఒరే, సెయ్యి తియ్."

"పాపం, ఈ పిల్ల అబద్దమాడతాదేటి మామ్మా? నిజంగానే అయ్య పంపినాడు."

"నానూ నిజమే అంతన్నాను. మా అయ్యా నిజంగానే పంపినాడు. ఈ గుంటంతే ఉన్నాను. పొయ్యిలో నిప్పుకి సుట్ట ముట్టించి పొలానికి తెమ్మనీవోడు. దారిలో ఆరిపోతే కొడతాడని రెండు దమ్ములు లాగీదాన్ని. అయ్య పోయినాడు. నా దమ్ము ఆగనేదు."

నా అయిదు వాదనల్లోనూ ఇది లేదు. మామ్మ ఆ పిల్ల తల నిమిరి, "మీ అయ్యని రమ్మను. మామ్మ రమ్మందని సెప్పు" అని పంపింది. కాసేపటికి లుంగీ సవరించుకుంటూ తండ్రి వచ్చాడు. సిగరెట్లు కొన్నాడు గానీ, మామ్మ ముందు వెలిగించే ధైర్యం లేక జేబులో వేసుకుని తల వంచుకుని వెళ్ళిపోయాడు. బావ కటింగ్ ప్లేయరు సొరుగులో పడేశాడు. "మరి నా బేరమో?" అన్నాడు చిన్న గొంతుతో. చుట్టుపక్కల వీధుల ముసలమ్మలందరూ చుట్టలు ఇక్కడే కొనాలని మామ్మ అక్కడికక్కడే తీర్మానించింది. (మా సంఘంలో ఏ తీర్మానమూ అంత ఏకగ్రీవంగా నెగ్గలేదు.) రేకు నిలిచింది. మరుసటి ఏడాదికి మెయిన్ రోడ్డు కొట్టువాడు కూడా అలాంటిదే రాసిపెట్టమని నా దగ్గరికి వచ్చాడు. పెయింటు డబ్బాతో నేను నడిచిన తీరు చూసి మీసాల మేస్త్రి, "ఫ్యాక్టరీ మొత్తం ఈడే కట్టినట్టు నడుస్తన్నాడు" అన్నాడు. అననీండి, నిజంగానే అలా నడిచాను.

కొన్నేళ్ళకు మామ్మకు మోకాళ్ళు పట్టేశాయి. కొట్టుదాకా నడవలేకపోయింది. "నేను తెస్తాను మామ్మా" అన్నాను. "వద్దురా. గుంటలసేత తెప్పించుకోకూడదని రూలు కదా" అంది. నాకప్పటికి ఉద్యోగం ఖాయమైంది, పెళ్ళయింది, మేస్త్రికి దీటైన మీసం కూడా వచ్చింది. నిబంధన బడి పిల్లలకే తప్ప నాలాంటివాళ్ళకు వర్తించదని, పదాలు ఒక్కొక్కటే విడదీసి చాలాసేపు వివరించాను. అంతా ఓపిగ్గా విని, "నాకు గుంటడివే" అంది. ఆ తర్వాత చుట్ట ముట్టలేదు.

ఇప్పుడు ఇంట్లో నా పిల్లలున్నారు, వర్క్‌షాపులో నన్ను సార్ అనేవాళ్ళున్నారు. తనను చిన్నవాడన్న ఆఖరి మనిషితో, కాదని రుజువు చేయడానికి అంత పట్టుదలగా వాదించిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాదనలో ఓడిపోయాడు గనుక సరిపోయింది.