ఏడింటికి మంచం దిగే మనిషి

గురువారం ఉదయం ఆరూ నలభైకి మా పెద్దబాపు చనిపోయి ఉండగా చూశారు. మంచం మీద కాదు, మంచం పక్కన నేల మీద. మంచం ఖాళీగా ఉంది. పరుపు మీద ఒక్క ముడత లేదు. తన దుప్పటిని చుట్ట చుట్టి తల కింద పెట్టుకున్నాడు. ప్రాణం ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. ఆరూ నలభై అనేది అటెండెంటు వార్డులోకి వచ్చిన సమయం. గుండె ఆగిందని డాక్టరు రాశాడు. కరోనా పరీక్షలో ఏమీ లేదని వచ్చింది.

సూరత్ నుంచి డుమస్ బీచికి వెళ్ళే దారిలో ముసలివాళ్ళను చూసుకునే ఒక హోమ్‌లో ఆయన రెండేళ్ళకు పైగా ఉన్నాడు. జ్ఞాపకం పోయే జబ్బు, డిమెన్షియా. మంచం ఉండగా కింద ఎందుకు పడుకున్నాడని ఇన్‌చార్జి మేడమ్ నన్ను ఫోన్లో అడిగింది. నాకు తెలుసు. ఆమెకూ ఒకప్పుడు చెప్పాను. మళ్ళీ చెప్పాను.

పెద్దబాపుతో నాకు రక్తసంబంధం లేదు. కరీంనగర్ జిల్లాలో మాదీ ఆయనదీ ఒకే వాడ. మా బాపు కంటే నాలుగేళ్ళు పెద్ద. ఇద్దరూ ఒకే రైల్లో సూరత్ వచ్చి, ఒకే మిల్లులో సాంచాల ముందు, అంటే మరమగ్గాల ముందు నిలబడ్డారు. నవాగామ్‌లో వాళ్ళ గదిలో ఆరుగురు మనుషులు, మూడు మంచాలు. అయినా సరిపోయేవి. షిఫ్టు పొద్దున ఏడు నుంచి రాత్రి ఏడు, రాత్రి ఏడు నుంచి పొద్దున ఏడు. ఒకడు మిల్లులో ఉంటే ఒకడు మంచం మీద ఉండేవాడు. పదిహేను రోజులకోసారి షిఫ్టు మారేది. ఇట్లా ఒకే మంచం పంచుకునేవాణ్ణి జోడీదార్ అనేవాళ్ళు. మా బాపుకు పెద్దబాపు జోడీదార్. పదిహేడేళ్ళు.

ఆ మంచానికి ఒక పద్ధతి ఉండేది. పరుపు ఇద్దరిదీ, దుప్పటి ఎవరిది వాళ్ళది. ఏడు కాకముందే లోపలున్నవాడు లేచి, తన దుప్పటి చుట్టి మేకుకు తగిలించి, పరుపును అరచేత్తో దులిపి దిగాలి. డ్యూటీ దిగి వచ్చినవాడు ఒక్క నిమిషం కూడా నిలబడి చూడకూడదు. ‘పక్క ఇడిస్తే ఎచ్చగుండాలె గని గలీజుగుండద్దు,’ అనేవాడు పెద్దబాపు. చలికాలంలో మా బాపు వదిలిన పరుపు మీద వాలడం గురించి చెప్పేటప్పుడు ఆయన ముఖంలో ఒక సుఖం కనిపించేది. వాళ్ళిద్దరూ ఒకరికొకరు ఎదురుపడేది మిల్లు గుమ్మంలో, పది నిమిషాలు. ‘మీ బాపు మొఖం కన్న ఆయన ఇడిసిన పరుపే నాకు ఎక్కువ ఎరుక,’ అని నవ్వేవాడు.

సెలవు రోజున ఇద్దరూ డుమస్ పోయి టమాటా భజియలు తినేవాళ్ళట. తినగానే బాపు ఇసుకలోనే నిద్రపోయేవాడు. పెద్దబాపు పక్కన కూర్చుని, అరిచే పిల్లల్ని దూరం తోలుతూ కాపలా కాసేవాడు. పండుకున్న మనిషిని లేపడమంత పాపం లేదని ఆయన నమ్మకం.

నేను పదో తరగతిలో ఉండగా బాపు మిల్లు మెట్ల మీద కూలిపోయాడు. పెద్దబాపు ఊరికి వచ్చి, కర్మ అయ్యాక, సూరత్‌లో చదువుకొమ్మని నన్ను తీసుకొచ్చాడు. ఆయనకు భార్య చిన్నవయసులోనే పోయింది, పిల్లలు లేరు. బాపు వంతు మంచం నాకు వచ్చింది. మేస్త్రీని బతిమాలి ఆయన శాశ్వతంగా రాత్రి డ్యూటీ తీసుకున్నాడు, నేను రాత్రి పడుకోవాలని. పొద్దున ఏడింటికి నేను దుప్పటి చుట్టి కాలేజీకి బయలుదేరేసరికి ఆయన కనురెప్పల మీద దూది నుసితో గుమ్మంలో ఉండేవాడు. పరీక్షల నెలలో రోజు విడిచి రోజు పగలూ రాత్రీ డబుల్ డ్యూటీ చేశాడు. ‘నేను డబుల్ పోతున్న. మంచం నీదే బిడ్డా, బేఫికర్‌గ పండుకో,’ అని చెప్పి పోయేవాడు. మా గదుల్లో డబుల్ డ్యూటీ అంటే అదీ అర్థం. జోడీదార్ ఇవాళ రాడు, మంచం నీదే.

నేను విలేకరినై, పెళ్ళి చేసుకుని, డిండోలిలో ఇల్లు తీసుకున్నాక ఆయన మాతోనే ఉన్నాడు. పొద్దున పేపరు తెచ్చిస్తే రోజూ ఒకటే మాట: ‘ఏంది పేపరోడా, ఇయ్యాల గూడ లోకం ఖరాబే ఉన్నదా?’ నా భార్య చేసిన చాయ్ తాగుతూ, నేను రాసిన వార్తలో పేర్లు మాత్రం వెతుక్కునేవాడు. పేరు లేని వార్త వార్త కాదనేవాడు. ఈ ఒక్కసారికి ఆయన మాట తప్పుతున్నాను. పెద్దబాపు అన్నదే నాకు ఆయన పేరు.

జబ్బు మెల్లగా వచ్చింది. సాయంత్రం ఆరున్నరకు డ్యూటీకి అన్నం డబ్బా కట్టమని నా భార్యను అడిగేవాడు. మొదట ఆమె నవ్వి, రిటైరయ్యావు మామా, అని కూర్చోబెట్టేది. తర్వాత ఆయన అడగకుండానే వెళ్ళడం మొదలుపెట్టాడు. రెండుసార్లు ఉధనాలో, పాత మిల్లు దగ్గర దొరికాడు. ఆ మిల్లు ఎప్పుడో మూతపడి గోదాము అయింది. మూడోసారి ఆటో గుద్ది తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక మేమిద్దరం ఉద్యోగాలకు పోతూ బయట తాళం వేశాం. రెండు నెలలు. లోపలి నుంచి ఆయన తలుపు కొట్టేవాడని పక్కింటివాళ్ళు చెప్పారు. అప్పుడు హోమ్ వెతికాం.

చేర్చేటప్పుడు రెండు పేజీల ఫారం ఇచ్చారు. అలవాట్లు: బీడీ, మానేశాడు. భోజనం: అన్నం, రొట్టె. నిద్ర: బాగానే పోతాడు. నిద్ర గురించి నేను రాసింది అంతే. ఆయన నలభై ఏళ్ళు మంచం ఎలా ఎక్కాడో, ఎలా దిగాడో నాకు తెలుసు. అందులో సగం ఏళ్ళు కళ్ళతో చూశాను. ఫారంలో రాయదగ్గ విషయం అని తోచలేదు.

మొదటి వారమే ఫిర్యాదు వచ్చింది. సాయంత్రం ఏడు కాగానే మంచం దిగి, దుప్పటి చుట్టి చంకలో పెట్టుకుని, వార్డు తలుపు దగ్గర నిలబడుతున్నాడు. పడుకోబెడితే లేస్తున్నాడు. గట్టిగా పట్టుకుంటే కొడుతున్నాడు. మత్తు మాత్ర మొదలుపెట్టారు. మూడో ఆదివారం నేను వెళ్ళేసరికి కూర్చునే నిద్రపోతున్నాడు, గడ్డం మీద చొంగ. ముద్ద నోట్లో పెడితే నమలడం మరిచిపోతున్నాడు. కుడి మణికట్టును గుడ్డ పేలికతో మంచానికి కట్టారు. ఎవరు కట్టమన్నారని అడిగాను. పడిపోతే మళ్ళీ ఎముక విరుగుతుందని కట్టామన్నారు. అది నిజమే. పేలిక మాత్రం విప్పించాను.

ఆ వార్డులో మహారాష్ట్రలోని నందుర్బార్ వైపు నుంచి వచ్చిన ఒక అటెండెంటు ఉండేది. ఆమె భర్త కూడా లూమ్స్‌లో పనిచేసేవాడు. మేమెవరం అడగని ప్రశ్న ఆమె ఆయన్నే అడిగింది: కాకా, ఎవరి కోసం నిలబడ్డావు? జోడీదార్ వచ్చే వేళయింది, మంచం ఖాళీ చేయాలి అన్నాడట. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ‘కాకా, ఆజ్ ఉస్కీ డబల్ హై. ఆప్ సో జావ్.’ ఆయనకు ఇవాళ డబుల్ డ్యూటీ, నువ్వు పడుకో. పెద్దబాపు దుప్పటి విప్పుకుని పడుకున్నాడు. రోజూ ఏడింటికి ఆ ఒక్క మాటతో పడుకున్నాడు. నెల తిరిగేసరికి డాక్టరు మాత్ర ఆపేశాడు.

నేను ఆమెలాగ చేయలేకపోయాను. ఆదివారాలు వెళ్ళినప్పుడు, ‘మీ బాపు ఇంక రాలేదేంది?’ అని అడిగేవాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నా వృత్తి. బాపు పోయి చాలా ఏళ్ళయింది పెద్దబాపూ అని చెప్పాను. ఆయన మొదటిసారి విన్నట్టు ఏడ్చాడు. ఎట్ల పోయిండు, నేనేడున్న అప్పుడు అని అడిగాడు. తర్వాతి ఆదివారం మళ్ళీ అడిగాడు, మళ్ళీ చెప్పాను, మళ్ళీ ఏడ్చాడు. మూడో ఆదివారం ఆ అటెండెంటు నన్ను వరండాలోకి పిలిచి, మీరు వెళ్ళిపోతారు, మీ బాపు చావుతో రాత్రంతా ఉండేది ఈయన, అంది. అప్పటి నుంచి నేనూ డబుల్ అనే చెప్పాను.

ఆ తర్వాతి నెలలు బాగా గడిచాయి. ఆయన తన చేత్తో తిన్నాడు. నాలుగు కిలోలు పెరిగాడు. వార్డులో ఎనిమిది మంచాలుంటే పొద్దున్నే ఎనిమిది దుప్పట్లూ చుట్టి, పరుపులు దులిపేవాడు. నడవలేని ఒక గుజరాతీ మాస్టారు తన దుప్పటిని ఈయనను తప్ప ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. నేను డుమస్ భజియలు తీసుకెళితే పెద్దబాపు రెండు తిని, రెండు కాగితంలో కట్టి దిండు కింద పెట్టేవాడు. బాపుకోసం. వాటికి చీమలు పట్టకముందే ఆ అటెండెంటు తీసేసేది.

లాక్‌డౌన్ వచ్చి గేటు మూశారు. అటెండెంట్లు పద్నాలుగు రోజులు బయటికి పోకుండా లోపలే ఉండాలన్నారు. ఆ నందుర్బార్ ఆమెకు ఇద్దరు చిన్న పిల్లలు. భర్త మిల్లూ ఆగిపోయింది. ఊరికి వెళ్ళిపోయింది. పోయేముందు ఒక అట్టముక్క మీద హిందీలో రాసి ఆయన మంచం పైన గోడకు అంటించింది: కాకా ఏడింటికి లేచి నిలబడితే, జోడీదార్‌కు ఇవాళ డబుల్, మీరు పడుకోండి అని చెప్పండి. ఆ అట్టముక్క ఏడాది పనిచేసింది.

రెండో వేవ్ ముందు వార్డు గోడలు మందు నీళ్ళతో కడిగారు. గోడల మీద కాగితాలేవీ ఉండకూడదన్నారు. అటెండెంట్లు మారిపోయారు. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకూ ఫోన్లో ఆ వాక్యం చెప్పాను. వాళ్ళను తప్పుపట్టను. ఎనిమిది మంది ముసలివాళ్ళకు ఇద్దరు, అదీ సూరత్ ఎండల్లో తలనుంచి కాళ్ళదాకా ప్లాస్టిక్ కిట్లు వేసుకుని. ఆయనకు వాళ్ళ ముఖాలు కనిపించేవి కావు. ముఖం లేని మనిషి మాట ఆయన నమ్మలేదు.

అందుకని రోజూ సాయంత్రం ఏడింటికి నేనే వీడియో కాల్ చేసేవాణ్ణి. ఎవరో ఒకరు ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఫోను పట్టుకునేవారు. బాపుకు డబుల్ డ్యూటీ పెద్దబాపూ, నువ్వు పండుకో, అనేవాణ్ణి. పడుకునేవాడు. పోయిన మంగళవారం పడుకోలేదు. దుప్పటి చంకలో పెట్టుకుని ఫోను వైపు చాలాసేపు చూశాడు.

‘ఇన్ని దినాలు డబుల్ ఎట్ల జేస్తడు బిడ్డా? మనిషి సస్తడు.’

దుప్పటిని రెండో చంకలోకి మార్చుకున్నాడు.

‘ఆయన్ని రమ్మను. జర పండనియ్యి. నేను పోత డ్యూటీకి.’

సరే చెప్తాను అన్నాను.

బుధవారం ఏడింటికి నేను ఒక శ్మశానం బయట ఉన్నాను. ఆ వారమంతా అక్కడే పని. లోపలికి వెళ్ళే బండ్లు వరుసకట్టి ఉన్నాయి, వాటి గురించి రాయాలి. పని ముగిసి ఫోన్ చేసేసరికి ఏడూ నలభై. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. పడుకుని ఉంటాడనుకున్నాను.

ఆయన పడుకోలేదు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న అటెండెంటు తర్వాత చెప్పాడు. ఏడింటికి మంచం దిగాడు, పరుపు దులిపాడు, దుప్పటి చుట్టుకున్నాడు. తలుపు దాకా పోయి, అది మూసి ఉంటే తిరిగి వచ్చాడు. మంచం మీద పడుకొమ్మంటే, వేరేవాళ్ళది అన్నట్టు చెయ్యి ఊపాడు. వార్డులో ఇంకొకరికి ఆయాసం ఎక్కువై ఇతను అటు పోయాడు. తిరిగి చూసేసరికి పెద్దబాపు కింద పడుకుని ఉన్నాడు. నిద్రపోతున్న మనిషిని లేపడం ఎందుకని వదిలేశాడట.

అంత్యక్రియలు గురువారం మధ్యాహ్నం జరిగాయి. నేనూ నా భార్యా, ఇద్దరు పాత మిల్లు మనుషులు. నందుర్బార్‌కు ఫోన్ చేసి ఆ అటెండెంటుకు చెప్పాను. ఎక్కడ పోయాడు అని అడిగింది. నేల మీద అన్నాను. నా అట్ట తీసేశారా, అని మాత్రం అడిగింది.

హోమ్‌కు వెళ్ళి ఆయన సామాను తెచ్చుకున్నాను. ఒక సంచి, ఒక దుప్పటి. ఫారంలో నిద్ర దగ్గర ఇంకో నాలుగు వరుసలు ఖాళీ ఉంచమని ఇన్‌చార్జి మేడమ్‌ను అడిగాను. చూస్తామంది. మనిషి పోయిన పరుపును మందు కొట్టి నాలుగు రోజులు మేడ మీద ఎండలో ఉంచాలని వాళ్ళ నియమమట. గేటు బయట నుంచి తలెత్తి చూస్తే పిట్టగోడ మీద దాని అంచు కనిపించింది.

ఆ మంచానికి మనిషి అప్పుడే కుదిరాడు. డిండోలి నుంచి ఒక లూమ్ కార్మికుడి తండ్రి, ఇదే జబ్బు. కొడుకు డ్యూటీ దిగి తీసుకురావాలి కాబట్టి సాయంత్రం వేళ పెట్టుకున్నారు. సోమవారం సాయంత్రం ఆరున్నరకు ఎండకు వెచ్చబడ్డ పరుపును మేడ మీది నుంచి దించి మంచం మీద వేస్తారు. ఏడు దాటాక ఆయన వస్తాడు.