పసుపు పూసిన వరస

కిందటి ఆదివారం మా పక్కింటి మామ్మ నిద్రలోనే పోయారు. ఆవిడ కూతురు గోడ మీంచి చెప్పింది. ఆ పూటంతా అనకాపల్లిలో మా వీధి మంచు పట్టినట్టు మెత్తగా ఉంది. లేదా నాకలా అనిపించింది.

తలచుకుంటే ఆవిడ మొహం కంటే ముందు చెయ్యి గుర్తొస్తుంది. మొక్కలకు నీళ్లు పోసే రేకు డబ్బా, దాని ముక్కుకి చిల్లుల మూత. ఆ మూతని పైకి తిప్పేవారు. నీళ్లు గాల్లోకి లేచి, వానలా దిగేవి. పోయడం మాత్రం మడి బయట, ఖాళీ నేల మీద మొదలుపెట్టేవారు. ధార కుదురుకున్నాకే మొక్కల మీదికి తెచ్చేవారు.

"దాని కోపం నేల మీద దించీసి, అప్పుడు పిల్లల కాడికెళ్లాలమ్మా," అనేవారు.

క్రిస్మస్‌కి చర్చిలో పెట్టడానికి ఏటా తెల్ల చామంతులు పెంచేవారు. రెండేళ్ల కిందట దేవరాపల్లిలో చెల్లెలి ఇంటికి వెళ్తూ, అప్పుడే నాటిన పిలకలు నాకు అప్పగించారు. నేను బాటనీ చదివినదాన్ని. అయినా కాలేజీకి టైమైపోతోందని డబ్బా ఎత్తి నేరుగా కుమ్మరించేశాను. పిలకలు వేళ్లతో సహా లేచి బురదలో పడ్డాయి. సాయంత్రానికి వడలిపోయాయి. నర్సరీకి పరిగెత్తి, తెల్లవేనని అక్కడి నర్సరీ అతను చెప్పిన పిలకలు తెచ్చి నాటాను. మామ్మకు చెప్పలేదు.

డిసెంబరులో వరసంతా పసుపు పూసింది.

ఆవిడ మడి దగ్గర చాలాసేపు నిలబడ్డారు. నేను గోడ ఇవతల, మాట నోట్లోనే తిప్పుకుంటూ.

"ఈ ఏడు యేసుబాబుకి పసుపు బట్టలన్నమాట," అని నవ్వి, కోసుకుని వెళ్లారు.

తెలిసే అన్నారా? అడగాలంటే ముందు నా తప్పు ఒప్పుకోవాలి. రేపు, రేపు అనుకుంటూ రెండేళ్లు గడిపేశాను. ఆవిడ మంచం పట్టాక కూడా వెళ్లి, నీరసం ఎలా ఉందని మాత్రమే అడిగి వచ్చాను.

నిన్న కూతురు నన్ను పెరట్లోకి పిలిచింది. తెల్లవాటికి దూరంగా, గోడవార మూడు కుండీలు.

"అక్కా, ఈ పసుపువి మీయేనంట. మీరొచ్చి అడిగితే ఇమ్మంది అమ్మ. అడక్కపోతే, తను పోయేక ఇచ్చీమంది."

కుండీలు తెచ్చి మా వరండా మెట్ల మీద దించాను. ఎండ వాలుతోంది. ఎక్కణ్ణించో ఒక తేనెటీగ వచ్చి, ఇంకా విచ్చని మొగ్గ చుట్టూ తిరిగి తిరిగి, దాని మీదే వాలి కూర్చుంది.