అల్లుడు ముద్ద ముట్టలేదు

తొంభైల చివర్లో నేను హోసూరులో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. రోజూ పొద్దున్నే పరుగెత్తే అలవాటు. పచ్చివి తింటే ఇంకా వేగంగా పరుగెత్తవచ్చని ఎక్కడో చదివాను. పెళ్లయ్యాక మొదటిసారి రాయకోటలో అత్తగారింటికి వెళ్లిన రోజే అది మొదలుపెట్టాను.

రాత్రి అత్తగారు రాగిముద్ద, కోడి పులుసు వడ్డించబోయారు.

"ఈ దినం నుంచి వండింది తిననత్తా. పాలు, పెరుగు గూడా వద్దు" అన్నాను. రెండు క్యారెట్లు, నానబెట్టిన శనక్కాయలు తిని పడుకున్నాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

తెల్లవారకముందే ఎవరినీ లేపకుండా కోట కొండ వైపు పరుగు తీశాను. తిరిగి వస్తుంటే బస్టాండు దగ్గర మామగారు, ఇద్దరు ఊరి పెద్దలతో ఎదురొచ్చారు. టీ కొట్టు దగ్గర జనమంతా చూస్తుండగా మామగారు నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"ఏం తక్కువ చేసినామప్పా? అలిగి బస్సెక్కి పోతే మా బిడ్డ గతేమి?"

 

ఇంటికి వచ్చి, అత్తగారు మళ్లీ చేసిన ముద్ద ఆ పెద్దల ఎదుటే తిన్నాను. తర్వాత నా భార్యను అడిగాను, పరుగుకే పోయుంటానని నువ్వైనా వాళ్లకు చెప్పకూడదా అని.

"నేనూ అలిగినారనే అనుకొంటిని" అంది.

పచ్చి తిండి ఒంటికి మంచిదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. పరుగు మాత్రం మానలేదు. రాయకోట వెళ్లినప్పుడు నా బ్యాగును అత్తగారు బీరువాలో పెట్టి తాళం వేస్తారు.