మస్తానమ్మ చెవి

ఎనిమిదేళ్లుగా మోస్తున్నాను. భార్యకు చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ దగ్గర నోరు విప్పగలుగుతున్నాను. నేనొక మనిషి బతుకుతెరువు చెడగొట్టాను. పొరపాటున కాదు. తెలిసే.

నరసరావుపేటలో నాకు చిన్న రికార్డింగ్ స్టూడియో ఉంది. ప్రభల పాటలు, ఎన్నికల పాటలు, భజనలు చేస్తుంటాం. గోడకు రెండు హెడ్‌ఫోన్లు వేలాడుతుంటాయి. రెండూ ఖరీదైనవే. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన వాళ్లు ఏది కొనాలని అడిగితే రెండింటిలోనూ ఒకే పాట వినిపిస్తాను. ఒకటి పెళ్లి ఫొటో, ఇంకొకటి ఆధార్ ఫొటో అంటాను. నవ్వుతారు. మొదటిది పాటలు విని ఆనందించడానికి చేసింది. లేని బేస్ కూడా కలిపి, డప్పు గుండెల్లో మోగుతున్నట్టు వినిపిస్తుంది. రెండోది స్టూడియో పనికి చేసింది. పాట ఎలా ఉంటే అలాగే, మొహమాటం లేకుండా వినిపిస్తుంది. మొదటిదాంతో మిక్సింగ్ చేస్తే, అంటే గొంతునీ వాయిద్యాలనీ పాళ్లలో కలిపితే, డప్పు ఎక్కువైందనుకుని తగ్గించేస్తాం, తీరా బయట పెద్ద స్పీకర్ బాక్సుల్లో పెట్టేసరికి డప్పే ఉండదు. ఇంత వివరంగా అందరికీ చెబుతాను. ఒక్క మనిషికి మాత్రం చెప్పలేదు. ఆ పెళ్లి ఫొటో హెడ్‌ఫోన్ ఆమెదే.

అసలు పేరు రాయను. మస్తానమ్మ అనుకోండి. వాళ్ల నాన్న రాళ్ల క్వారీలో పని చేసేవాడు. అప్పట్లో ఈ స్టూడియో నాకు పని నేర్పిన మాస్టారిది. అక్కడికి కోరస్ పాడటానికి వచ్చింది. అప్పటికి నేను అక్కడ తొమ్మిదేళ్లుగా మిక్సింగ్ చేస్తున్నాను. మూడు రోజులు కూర్చుని నేను ముగించిన పాటను ఒకసారి గుమ్మంలో నిలబడి విని, డప్పు సరిగా కాగలేదన్నా అంది. మాస్టారు మళ్లీ వేయించుకుని విన్నారు. నిజమే. డప్పును మంట దగ్గర కాచి, చర్మం బిగిశాక మళ్లీ కొట్టించాం. ఆ రోజు నుంచి నేనేం చేసినా, ఆ పిల్లకు ఒకసారి వినిపించు అనేవారు.

నాకు కుళ్లు పుట్టింది. అసూయ అని రాద్దామనుకున్నాను, కానీ అది మర్యాదైన మాట. నాది కుళ్లే. అన్నం తింటున్నా అదే. నాకెందుకు వినబడలేదు? తొమ్మిదేళ్లుగా నేను వింటున్నదేమిటి?

తిరునాళ్లకు మా వైపు ఊరూరా వెదుళ్లతో, రంగు బట్టలతో, దీపాలతో ఎత్తైన ప్రభ కడతారు. ఆ ప్రభను ట్రాక్టరుకు కట్టి, ఊరి పేరు మీద రాయించిన పాటను పెద్ద పెద్ద బాక్సుల్లో మోగిస్తూ తీసుకెళతారు. పక్క ఊరి డప్పు కన్నా మన డప్పు గట్టిగా వినబడాలి. అది ఊరి పరువు. ఆ ఏడు రొంపిచెర్ల వైపు ఒక ఊరి పాట మాస్టారు మస్తానమ్మకు అప్పగించారు. దాని పక్క ఊరిది నాకు. పాట నిలబడితే ఆమెకు స్టూడియోలో సొంత కుర్చీ వేస్తానన్నారు. మంచి హెడ్‌ఫోన్ కొనిపించమని నన్ను తోడు పంపారు.

గుంటూరులో షాపు. మా స్టూడియో పాటే ఫోన్లో పెట్టి, నేను చెప్పిన ఆ రెండు రకాల్లోనూ మార్చి మార్చి వింది.

“అన్నా, నేను ఒక్కటే కొనగలను. ఏది తీసుకోమంటావు?”

పెళ్లి ఫొటో చూపించాను. మళ్లీ పెట్టుకుంది. మొహం చిట్లించింది.

“ఇదేందన్నా, దీంట్లో డప్పు చానా కొడతంది. మన పాటలో అంత లేదు గదా?”

“పెద్ద హెడ్‌ఫోన్లు అట్నే ఉంటయ్. నీ చెవికి అలవాటు లేదంతే. నీ చెవిని నమ్మమాక మస్తానమ్మా, దీన్ని నమ్ము.”

“నువ్వు చెప్తే సరేలే అన్నా.”

హెడ్‌ఫోన్ సంగతి పక్కన పెట్టండి. నీ చెవిని నమ్మమాక అన్నానే, అదీ నేను చేసిన పాపం. ఎదురుగా నిలబడి ఆమె నిజం చెబుతోంది. నాకది నిజమని తెలుసు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆమె ఆ హెడ్‌ఫోన్‌తోనే పాట ముగించింది. ఏ పాటనైనా ఊరివాళ్లకు ఇచ్చే ముందు ట్రాక్టరు బాక్సులో ఒకసారి వినడం మా పద్ధతి. ఆడపిల్లవి, ట్రాక్టర్ల దగ్గరికి నువ్వెందుకు, నేను విని వస్తాలే అని పెన్‌డ్రైవ్ తీసుకెళ్లాను. విన్నాను. దిండు మీద కొట్టినట్టుంది డప్పు. అప్పుడు చెప్పినా ఒక్క పూటలో సరిచేసుకునేది. వెనక్కి వచ్చి, బాగుంది అన్నాను.

తిరునాళ్ల రోజు సాయంత్రం రెండు ఊళ్ల ప్రభలూ పక్కపక్కన నిలిచాయి. నా డప్పు ఆమె పాటను మింగేసింది. వాళ్ల ఊరి కుర్రాళ్లు, ఎవర్రా దీన్ని చేసిందని తిట్టి, మధ్యలోనే ఆపేసి, ఎక్కడిదో పాత పాట పెట్టారు. మస్తానమ్మ బాక్సు మీద చెయ్యి పెట్టి నిలబడి ఉంది. నాకు సంతోషం కలిగింది. ఎన్నిసార్లు తవ్వి చూసుకున్నా ముందు కలిగింది సంతోషమే, సిగ్గు తర్వాతెప్పుడో వచ్చింది.

నాలుగు రోజులకు వచ్చి హెడ్‌ఫోన్ నా బల్ల మీద పెట్టింది. నువ్వే వాడుకో అన్నా, నా చెవి మంచిది కాదు అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అనుమానం కూడా పడలేదు. మాస్టారి తర్వాత స్టూడియో నాకు వచ్చింది. ఆమె పత్తి మిల్లులో చేరింది. మిషన్ల హోరుకు చెవుల్లో దూది పెట్టుకుని పని చేస్తుందట.

మొన్న కూతురి స్కూల్ డాన్సుకు పాట ఎక్కించుకోవడానికి వచ్చింది. నేను ఆధార్ ఫొటో తగిలించుకుని పూర్తి చేసిన ప్రభ పాట స్పీకర్లో మోగుతోంది. గుమ్మంలో ఆగింది. తల కొంచెం పక్కకు వంచింది. ఏదో అనబోయి మానేసింది.

“ఏంది మస్తానమ్మా?”

“ఏం లేదులే అన్నా. నాకేం తెలుస్తది.”

ఆమె వెళ్లాక పాటను మొదటినుంచి విన్నాను. ఏమీ లేదు. మళ్లీ విన్నాను. నాలుగోసారికి దొరికింది. రెండో చరణంలో డప్పు వెనకబడుతోంది, ఒక్క వెంట్రుకవాసి.

పరిగెత్తితే బస్టాండులో దొరికేది. చెప్పులు వేసుకున్నాను కూడా. గుమ్మం దాటలేకపోయాను. తిరిగొచ్చి, డప్పు సరిచేసి, ఇది రాస్తున్నాను.

మస్తానమ్మ చెవి మంచిదే. ఆ రోజు షాపులోనూ మంచిదే. ఎనిమిదేళ్లలో ఈ మాట నా నోటి నుంచి రావడం ఇదే మొదటిసారి. అదీ మీ దగ్గర, ఆమె దగ్గర కాదు.