షబానా చేసిన చివరి ఇరవై సెకన్లు

కొత్తకోటలో హైవే పక్కన యాకూబ్ పంక్చర్ షాపు వెనకే వాళ్ల ఇల్లు. ముందు గదిలో అతని పెద్ద కూతురు షబానా కంప్యూటర్ పెట్టుకుని గేమింగ్ వీడియోలకు ముగింపు తెరలు చేస్తుంది. వీడియో చివరి ఇరవై సెకన్లలో ఒక బొమ్మ వస్తుంది కదా. ఈ గడి నొక్కితే తర్వాతి వీడియో, ఆ గుండ్రం నొక్కితే సబ్‌స్క్రైబ్. ఆ బొమ్మ గీసి, గడులకు చోటు వదలడం ఆమె పని.

బయట లారీలు ఎంత హారన్ కొట్టినా షబానా తల తిప్పదు. చిన్నప్పుడు మెదడువాపు జ్వరం వచ్చి వినికిడి పోయింది. అప్పటికే మాటలొచ్చు కాబట్టి మాట్లాడుతుంది. ఎదుటివాళ్ల పెదవులు చూసి అర్థం చేసుకుంటుంది. ఇదివరకు ఫ్లెక్సీల షాపులో డిజైన్లు చేసేది. ఫోన్ ఎత్తదని గిరాకీలు గొణిగితే యజమాని మాన్పించాడు. గేమింగ్ పిల్లలతో ఆ బాధ లేదు, అంతా మెసేజ్‌లే. 'షబ్బూ డిజైన్స్' అన్న పేరు చూసి అందరూ ఆమెను అన్నా అని పిలిచేవారు. ఆమె కూడా సరిదిద్దలేదు.

వనపర్తి నరేందర్ మాత్రం టైప్ చేయడు, మాట రికార్డు చేసి పంపుతాడు. చెల్లెలు సుహానా అది విని అక్కకు ఎదురుగా కూర్చుని చెప్పేది. ఒకసారి సుహానా నాగర్‌కర్నూల్‌లో పెళ్లికి పోయినప్పుడు అతని మాట వచ్చింది. ఫోనులో దాన్ని అక్షరాలుగా మారిస్తే, అతని వేగానికి ఏదేదో పడింది. షబానా ఊహించుకుని పాత కొలతలతోనే చేసి పంపింది. అతను చెప్పిందేమో, తన మొహం కనిపించే కెమెరాను కుడి వైపుకు మార్చానని. వీడియో బయటికొచ్చేసరికి గడి సరిగ్గా నరేందర్ మొహం మీద కూర్చుంది. కింద కామెంట్లలో ఒకటే వెక్కిరింపులు.

అతను ఫోన్లు చేశాడు. ఆమె ఎత్తలేదు. తెల్లారి, బిల్లు మీదున్న అడ్రసు పట్టుకుని బైకు మీద వచ్చేశాడు.

"గీడ షబ్బూ అన్న ఉంటడా? ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తుతలేడు."

యాకూబ్ చేతులు తుడుచుకున్నాడు. "అన్న గాదు నాయనా, నా బిడ్డ. లోపల్నే ఉన్నది. జర ఎదురుంగ నిలబడి మాట్లాడు, దానికి ఇనపడదు."

దారి పొడుగునా కూడబెట్టుకున్న తిట్లన్నీ నరేందర్ నోట్లోనే ఆగిపోయాయి. గడపలో నిలబడ్డాడు. షబానా చూడగానే గుర్తుపట్టింది.

"నరేందర్! నీ మొఖం మీద డబ్బా పెట్టిన. తప్పు నాదే."

"రాసి పంపకపోవుడు నా తప్పక్కా. కాని గిన్ని రోజులు చెప్పలేదేంది?"

"చెప్తే పని ఇస్తుంటివా?"

అతను ఆలోచించాడు. "తెల్వదక్కా," అన్నాడు.

ఆ జవాబు ఆమెకు నచ్చింది. తల్లి చాంద్‌బీ చాయ్ తెచ్చింది. తాగుతూ నరేందర్ అడిగాడు, "మరి నా వీడియోలు ఎట్ల చూస్తవు?"

"చివర్నే చూస్త. నువ్వు చెయ్యి ఊపుతవు, నవ్వుతవు. ఎందుకు నవ్వుతవో తెల్వదు."

నరేందర్ గ్లాసు కింద పెట్టాడు. పక్కన కూర్చుని తెర సరిచేయించుకుని వెళ్లాడు. ఆ తర్వాతి వీడియోలో తెర అడుగున అతని మాటలన్నీ అక్షరాల్లో వచ్చాయి. తప్పులతో సహా అతనే టైప్ చేశాడు, పాలమూరు మాట పాలమూరు మాటగానే. షబానా మొదటిసారి ఒక వీడియోను మొదటి నుంచి చూసింది. ఆటలో శత్రువులు తరుముతుంటే నరేందర్ ఆడించే మనిషి గోడ చాటుకు దూరాడు. కింద అక్షరాలు పడ్డాయి: "ఆగుండ్రి, పండుగపూట బస్సులో సీటు దొరికినంత సంబురంగున్నది, జర కూసోనియ్యిండ్రి."

షబానా పగలబడి నవ్వింది. ఆ చప్పుడుకు చాంద్‌బీ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"ఏమైందే?"

"గీ పిల్లగాడు మస్తు మాట్లాడుతడమ్మీ. నాకు ఇన్నాళ్లు తెల్వనే తెల్వదు."

ఆ సాయంత్రం ఆమె 'షబ్బూ డిజైన్స్' పేరు కింద ఒక వాక్యం చేర్చింది: 'నేను షబానా, నాకు వినపడదు, రాసి పంపండి.' కొందరు పని ఇవ్వడం మానేశారు. మిగిలినవాళ్లు రాస్తూనే ఉన్నారు, ఇప్పుడు అక్కా అని.