అద్దానికి అవతల పార్వతి

అవును బబ్లూ, జైల్లో మనిషి ఎదురుగా కూర్చున్నా ఫోన్లోనే మాట్లాడాలి. మధ్యలో మందపాటి అద్దం ఉంటుంది నాన్నా. ఇటొక రిసీవరు, అటొక రిసీవరు. అమ్మమ్మకి జైలు సంగతులు ఎలా తెలుసని కూడా అడిగావు కదా, చెల్లిని కూడా పక్కన కూర్చోబెట్టుకో, చెబుతాను. నేను గొంతు పెంచే మనిషిని కాదని మీకు తెలుసు. ఈ సంగతి చెప్పేటప్పుడు మాత్రం నా గొంతు కొంచెం వణుకుతుంది. అది ముసలితనం కాదు, కోపం.

2022. కరోనా భయం తగ్గి బిలాస్‌పూర్‌లో జనం మళ్ళీ ఆర్భాటంగా పెళ్ళిళ్ళు చేసుకుంటున్న ఏడాది. మీ తాతయ్య రైల్వే లోకో షెడ్డులో రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి లింగియాడీహ్‌లో అద్దెకి దిగాం. ముందు గదే నా టైలరింగ్ కొట్టు. ఆడవాళ్ళ జాకెట్లు కుట్టడం నా పని. పార్వతి నా దగ్గర హెమ్మింగ్ చేసేది. హెమ్మింగ్ అంటే అంచు మడిచి, కుట్టు పైకి కనబడకుండా చేత్తో కుట్టడం. మనలాగే వాళ్ళ తాత కూడా శ్రీకాకుళం వైపు నుంచి రైలు పట్టాల మీద గ్యాంగ్‌మన్ పనికి వచ్చినవాడు. భర్త పోయాడు, పిల్లల్లేరు. మంచం పట్టిన తల్లిని చూసుకుంటూ మా పక్క సందులో ఉండేది. చుట్టరికం ఏమీ లేకపోయినా నన్ను పిన్నీ అనేది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. పెళ్ళి జాకెట్టుకి నెక్ డెప్త్, అంటే మెడ ఎంత లోతు కొయ్యాలన్నది, నేను టేపుతో తేల్చేదాన్ని కాదు. పెళ్ళిలో వేసుకునే గొలుసు మెడలో వేయించి, పతకం ఎక్కడ ఆగుతుందో చూసి, దాని కింద కాస్త చోటు వదిలి సుద్దగీత గీసేదాన్ని. కొట్టుకి బంగారం తేవడం ఇష్టంలేనివాళ్ళ ఇంటికి పార్వతి వెళ్ళి కొలత తెచ్చేది.

నెహ్రూ నగర్‌లో ఒకావిడ మా పాత కస్టమరు. వాళ్ళది వ్యాపార్ విహార్‌లో హోల్‌సేల్ బియ్యం దుకాణం. ఆవిడ గొలుసు నాకూ తెలుసు. పతకంలో రెండు నెమళ్ళు ఎదురెదురుగా ఉంటాయి, ఒకదానికి కంటి రాయి ఊడిపోయింది. పెద్దకూతురి పెళ్ళికి నేనే దాన్ని చూసి నెక్ కోశాను. ఆ ఎండాకాలంలో ఆవిడ చెల్లెలి కూతురి పెళ్ళికని పార్వతి ఆవిడ ఇంటికి వెళ్ళి కొలత తెచ్చింది. తర్వాత ఆ ఇంటివాళ్ళు తీర్థయాత్రకి వెళ్ళారు. తిరిగొచ్చి పెళ్ళికి ముస్తాబవుదామని బీరువా తీస్తే గొలుసు లేదు.

"చివరిసారి చేత్తో పట్టుకున్నది ఆ దర్జీ మనిషే" అని ఆవిడ ఫిర్యాదు పెట్టింది. పోలీసులు మా కొట్లోంచే పార్వతిని తీసుకెళ్ళారు. సగం కుట్టిన జాకెట్టు, దానికి గుచ్చిన సూది స్టూలు మీద అలాగే ఉండిపోయాయి. పార్వతి ఇంట్లో బియ్యం డబ్బా దగ్గర్నుంచి ముసలమ్మ పరుపు దాకా తిరగేశారు. ఏమీ దొరకలేదు. అమ్మేసి ఉంటుంది అన్నారు.

కోర్టు బెయిలు ఇచ్చింది. అయినా పార్వతి బయటికి రాలేదు. పూచీ నిలబడే మనిషికి ఈ జిల్లాలో భూమి ఉండాలట, భూమి పుస్తకం తెచ్చి చూపించాలట. మనకి భూమి ఎక్కడుంది పిల్లలూ? మూడు తరాలుగా ఈ ఊరి పట్టాలు బిగించాం, ఇంజన్లు కడిగాం, క్వార్టర్లలో పుట్టి క్వార్టర్లలో పెరిగాం. మన పేరున ఇక్కడ సెంటు నేల లేదు. మీ తాతయ్య పెన్షన్ కాగితం పట్టుకెళ్తే వకీలు తల అడ్డంగా ఊపాడు. భూమి ఉన్న ఒకాయన సరేనని, దొంగతనం కేసని తెలిశాక నా ఫోనెత్తడం మానేశాడు. అండర్‌ట్రయల్ అంటారు, విచారణ ఇంకా పూర్తికాని మనిషి అని. విచారణ మొదలే కాలేదు, శిక్ష మాత్రం మొదలైపోయింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వారానికొకసారి ములాఖాత్, అంటే లోపలి మనిషిని కలిసి మాట్లాడటం. నేను సోమవారాలు కొట్టు మూసి వెళ్ళేదాన్ని. మొదటిసారి గేటు దగ్గర కానిస్టేబులు "రిష్తా క్యా హై?" అన్నాడు, ఏం చుట్టరికం అని. "మౌసీ" అన్నాను. పిన్నికి హిందీ మాట అదే కదా. నా ఆధార్ కార్డు, తన రిజిస్టరు మార్చి మార్చి చూసి "సొంత మౌసీవా?" అన్నాడు. నాకు అబద్ధం రాదు, నిజం చెబితే లోపలికి పోనివ్వరు. వెనక లైన్లో ఉన్న ముసలామె "జానే దే బేటా, వెళ్ళనియ్యి, రాకుండా ఉండలేకే కదా వచ్చింది" అని కసిరింది. అతను వదిలాడు.

ఆ రోజు నేను తీసుకెళ్ళిన లంగాల్లోంచి బొందులు లాగి బయట పడేశారు. తాడులాంటిదేదీ లోపలికి వెళ్ళకూడదట. లైనింగ్ వేసిన జాకెట్టుని బ్లేడుతో విప్పి చూశారు. నా కళ్ళ ముందే, నేను వేసిన కుట్టు. మర్నాటి నుంచి లంగాలకి బొందు బదులు ఎలాస్టిక్ వేశాను. జాకెట్లకి లైనింగ్ మానేశాను. మడతలు ఒంటి వరసే కుట్టాను. విప్పడానికి వాళ్ళకి ఏమీ మిగలకూడదని పంతం.

తర్వాతి వారం పార్వతి అద్దం అవతల కూర్చుని రిసీవరు ఎత్తుతూనే నవ్వింది.

"ఏటి పిన్నీ, నాకు ఎలాస్టిక్ లంగాలు కుట్టీసావేటి? సంటిగుంటనేటి నేను?"

"మాటాడక కట్టుకో."

"ఇక్కడ సూది ఇవ్వరు పిన్నీ. సేతులు దురదెడతన్నాయి. ఆ మేట్రనమ్మ జాకెట్టు ఎవుడు కుట్టాడో గానీ, సంకలకాడ ఈడ్సుకుపోతంది. ఆవిడ సెయ్యెత్తితే సాలు, నాకు జొరమొచ్చీస్తంది."

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఆమె మొహం మారిపోయింది. "అమ్మ తిన్నాదా?" అంది. ప్రతి సోమవారం ఈ మాట అడక్కుండా రిసీవరు పెట్టేది కాదు.

ఇక్కడ వీధిలో మాటలు ఇంకోరకం. "ఏటమ్మా, జైలుకి కేరేజీలు కట్టేస్తన్నావంట? సూసుకో, రేపు నిన్నూ ఉంచీసుకుంటారు" అని ఎకసెక్కాలాడింది ఎదురింటి అప్పలనర్సమ్మ. కానీ ముసలమ్మకి పూటపూటా గంజి పోసింది, బట్టలు మార్చింది కూడా అప్పలనర్సమ్మే. నెహ్రూ నగర్ కస్టమర్లు మాత్రం రావడం మానేశారు. ఆ కొట్టుకి వెళ్ళకండి, దొంగలు అని ఆ గొలుసావిడ ఇల్లిల్లూ తిరిగి చెప్పిందట.

ముసలమ్మకి మేము నిజం చెప్పలేదు. పార్వతికి కొత్త పని దొరికింది, దూరంగా డ్యూటీ పడిందన్నాం. "మా ఆయన కూడా గ్యాంగు డ్యూటీ సేసినోడే. తెల్లారీసరికి ఇంటికొచ్చీసీవోడు. ఇదేటి డ్యూటీ?" అనేది. అడిగి అడిగి, జనవరి చలిలో ఒక తెల్లవారుజామున పోయింది. చివరిచూపుకి పార్వతిని పంపమని అడగడానికి వకీలు కోర్టుకి పరిగెత్తాడు. ఆ రోజు జడ్జిగారు సెలవు. శవాన్ని ఎంతసేపని ఉంచుతాం? మీ తాతయ్యే కొరివి పెట్టారు.

సోమవారం నేను నోరు తెరవకముందే పార్వతి "అమ్మ తిన్నాదా?" అంది. రిసీవరు చెవికి ఆనించుకుని ఊరుకున్నాను. ఆమె నా మొహం చూస్తూ ఉండిపోయింది. వెనకవాళ్ళు తొందర పెడుతున్నారు.

"ఏ సీర కట్టారు పిన్నీ?" అంది చివరికి.

"ఆకుపచ్చది."

"దాని ఫాల్ ఊడిపోయుంటాది కదా."

"కుట్టి కట్టాను."

అప్పుడు ఏడ్చింది. రిసీవరు వదిలేసి ఏడిస్తే అద్దం ఇవతలకి చప్పుడు రాదు. నోరు కదలడం మాత్రమే కనబడుతుంది.

ఫిబ్రవరిలో ఒక కొత్త కోడలు స్కూటీ మీద కొట్టుకి వచ్చింది. రాయగఢ్ పిల్ల, నవ్వుమొహం. నెక్ బాగా కోస్తానని రైల్వే కాలనీలో ఎవరో చెప్పారట. "ఆంటీ, మీరు గొలుసు చూసి కోస్తారట కదా, తెచ్చాను" అని చిన్న డబ్బీ తెరిచింది. రెండు నెమళ్ళు. ఒకదానికి కన్ను లేదు.

"ఎవరిది బేటీ?" అన్నాను.

"మా అత్తగారు ఇచ్చారు. దీనిదో పెద్ద కథ ఆంటీ. ఎండాకాలంలో యాత్రకి వెళ్తూ దొంగల భయానికి చలికి కప్పుకునే రజాయి కవరులో దాచి, తనే మర్చిపోయారట. దీవాలీ అయ్యాక చలికని రజాయిలు దించితే అందరి ముందూ జారి కింద పడిందట! మావగారు ఇప్పటికీ ఏడిపిస్తారు."

దీవాలీ అయ్యాక. అప్పటికి ముసలమ్మ బతికే ఉంది. గంజి తాగుతోంది, కూతురి కోసం అడుగుతోంది. ఆ ఇంట్లో మాత్రం ఇది భోజనాల దగ్గర చెప్పుకుని నవ్వుకునే కథ.

పార్వతి స్టూలు చూపించాను. "దీని మీద కూర్చునే మనిషి ఈ గొలుసు దొంగిలించిందని జూన్ నుంచి జైల్లో ఉంది బేటీ."

ఆ పిల్లకి ముందు అర్థం కాలేదు. డబ్బీ మూసింది, మళ్ళీ తెరిచింది. "అత్తగారికి తెలుసా?"

"కేసు పెట్టింది ఆవిడే."

వెంటనే ఫోన్ చేసింది. అత్తగారు కారులో వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"చూడండి బెహన్‌జీ, గొలుసు దొరికేసరికి మా అబ్బాయి పెళ్ళి దగ్గరపడింది. అప్పుడు పోలీసుల్ని మళ్ళీ గుమ్మంలోకి పిలిస్తే వియ్యాలవారు ఏమనుకుంటారు? పెళ్ళయ్యాక చెబుదామనుకున్నాం."

"పెళ్ళి ఎప్పుడయింది?"

"డిసెంబర్‌లో. సరే, ఇప్పుడు చెబుతాం కదా."

"జనవరిలో పార్వతి వాళ్ళమ్మ పోయింది."

"అరే," అంది. "పెద్దావిడ కదా. వయసైపోయింది."

పిల్లలూ, అప్పుడు నా చేతిలో కత్తెర ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, నాకు అందనంత దూరం తోసేశాను.

మాట్లాడింది కోడలు. "పోలీస్ స్టేషన్‌కి మీరు వస్తారా, నేనొక్కదాన్నే వెళ్ళనా?" అంది అత్తగారితో. ఆవిడ చెయ్యి చాపినా గొలుసు ఇవ్వలేదు. తన పర్సులో వేసుకుని మమ్మల్ని ఇద్దర్నీ తోడు తీసుకుని వెళ్ళింది. పెళ్ళయి రెండు నెలలు తిరిగాయో లేదో, అంత ధైర్యం. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ పిల్ల ఎన్ని మాటలు పడిందో నాకు తెలీదు.

ఈసారి భూమి పుస్తకం ఎవరూ అడగలేదు. సొంత పూచీకత్తు మీద వదిలారు. అన్ని నెలలు కుదరనిది వారం తిరక్కుండా కుదిరింది. గేటు బయటికి వచ్చి పార్వతి నా చెయ్యి పట్టుకుంది, అన్ని నెలల తర్వాత మధ్యలో అద్దం లేకుండా.

"ఆవిడ ఏటైనా అన్నాదా పిన్నీ? తప్పయిపోనాదని?"

"లేదు."

తల ఊపి, ఆటో ఎక్కింది. తర్వాత కేసు కొట్టేశారు. మనమే ఆవిడ మీద తిరిగి కేసు పెట్టవచ్చు అన్నాడు వకీలు. కోర్టు మెట్లు మళ్ళీ ఎక్కను అంది పార్వతి. నెహ్రూ నగర్ ఆవిడని ఎవరూ ఏమీ అనలేదు.

ఇప్పుడు నేను గొలుసు చూసి నెక్ కొయ్యను. కాగితం మీద మెడ కత్తిరించి ఇస్తాను, ఇంటికెళ్ళి గొలుసు పెట్టుకుని చూసుకోండి అంటాను. అది కొట్టు వరకు నేర్చుకున్నది. లోపల ఉన్నవాళ్ళ గురించి పార్వతే నేర్పింది. ఒకరోజు హుక్కులు కుడుతూ అంది: "నువ్వు తెచ్చినవి సగం లోపలికి రాలేదు పిన్నీ. సోమారం నా పేరు పిలిచీవోరు సూడు, అదొక్కటే వొచ్చింది. పేరు పిలవనోల్లని అక్కడ మడుసుల కింద సూడరు." మీకు తెలిసినవాళ్ళకి ఎప్పుడైనా ఆ గతి పడితే ఏం పట్టుకెళ్ళాలా అని ఆలోచిస్తూ కూర్చోకండి. ఏ రోజు వస్తానన్నారో ఆ రోజు వెళ్ళండి.

నిరుడు వ్యాపార్ విహార్‌లో ఆ గొలుసు వాళ్ళ దుకాణానికి వెళ్ళాను. బియ్యం కోసం కాదు. భార్యాభర్తలిద్దరూ గల్లా దగ్గరే ఉన్నారు. నా మామూలు గొంతుతోనే అడిగాను, బస్తాలు మోసేవాళ్ళకి కూడా వినబడలేదు. ఆయన ఫోనెత్తి ఎవరితోనో రేటు మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆవిడ గోడవైపు తిరిగింది. నేను వచ్చేశాను. నేను అడిగింది ఒక్కటే: గొలుసు జారిపడ్డప్పుడు మీరందరూ ఆ గదిలోనే ఉన్నారు, పార్వతి ఎక్కడుందో మీ అందరికీ తెలుసు, మరి "ఎవరికీ చెప్పొద్దు" అని ముందుగా అన్నది మీలో ఎవరు?