క్లైమాక్స్ నాటి గోధుమ బీరు

మా ఇంట్లో బీరు అనే మాట మొదట పైకి పలికింది మా ఆవిడ. సాయంత్రం నాలుగున్నరకి యూసుఫ్‌గూడలో మా రెండు గదుల ఇంటి గుమ్మం ఎక్కుతుంటే అక్కడే ఆపి, ముక్కు ముడిచి, "స్టోరీ సిట్టింగని చెప్పి బీరు తాగొచ్చారా? ఇదేం కథండీ?" అంది. "ఆఫీసు పనేనే" అన్నాను. అక్షరాలా నిజం చెప్పాను. నమ్మలేదు. ఆమె స్థానంలో నేనున్నా నమ్మేవాణ్ణి కాదు.

పదకొండేళ్లుగా నేను సినిమాలకి మాటలు రాస్తున్నాను. తెర మీద మాత్రం అవి ఇంకొకరి పేరున పడుతుంటాయి. ఇండస్ట్రీలో మా జాతిని ఘోస్టులంటారు. దెయ్యానికైనా ఉండటానికో చెట్టుంటుంది, మాకు అదీ లేదు. ఇలాంటి సమయంలో ఒక డైరెక్టరుగారు నన్ను పిలిచి, "ఈ సినిమాకి మాటలు అని నీ ఒక్కడి పేరే వేస్తానయ్యా" అన్నారు. ఆ ఒక్క టైటిల్ కార్డు కోసం బీరేం ఖర్మ, కిరసనాయిలు పోసినా తాగేవాణ్ణి.

అంతకుముందు సిట్టింగులు ఫిల్మ్ నగర్‌లో ఆయన ఆఫీసులోనే జరిగేవి. అల్లం టీ, మిరపకాయ బజ్జీ, మధ్యమధ్య కథ. ఆయన లొకేషన్లు చూడటానికి యూరప్ వెళ్లొచ్చారు. లొకేషను దొరికిందో లేదో తెలీదు గానీ క్రాఫ్ట్ బీరు దొరికింది. వచ్చిన వారానికల్లా సిట్టింగులు జూబ్లీహిల్స్‌లో ఒక మేడ మీదికి మారాయి. అక్కడే బీరు కాచి అక్కడే పోస్తారు. అద్దాల గోడ వెనక పెద్ద పెద్ద రాగి పీపాలు మెరుస్తుంటాయి. మధ్యాహ్నం మూడింటికి మేం తప్ప పురుగుండదు.

మొదటిరోజు చెక్కపలక మీద ఆరు బుల్లి గ్లాసులు తెచ్చి పెట్టారు. గడ్డి రంగు నుంచి బొగ్గు రంగు దాకా ఆరు రకాలు. నేను అప్పటిదాకా ఎరిగిన బీర్లు రెండే రకాలు: చల్లగా ఉన్నది, చల్లారిపోయినది. కాబట్టి బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఎలాగూ డైరెక్టరుగారు తాగి, అభిప్రాయం చెప్పాక గానీ మిగతావాళ్లు గ్లాసు ముట్టకూడదు. ఆయన తర్వాత కో-డైరెక్టరు, ఆ తర్వాత రైటరు. కథ చెప్పేటప్పుడు ఉండే వరసే.

ఐపీఏ అనే రకం తాగి ఆయన కళ్లు మూసుకున్నారు. "ఇందులో సిట్రస్ నోట్స్ ఉన్నాయి. అంటే నిమ్మజాతి వాసనలు."

"బోల్డున్నాయి సార్" అన్నాడు కో-డైరెక్టరు, ఇంకా గ్లాసు ఎత్తకుండానే. పద్దెనిమిదేళ్ల సర్వీసు ఆయనది. "అదిరింది సార్" అనే మాటని ఏడు రకాలుగా అనగలడు. ఏడో రకంలో కళ్లనీళ్లు కూడా వస్తాయి.

నా వంతు వచ్చింది. వేపపుల్ల నమిలి, దాని మీద పంపరపనస తొక్క కొరికినట్టుంది. "అదిరింది సార్" అన్నాను. నావి అప్పటికి రెండు రకాలే.

డైరెక్టరుగారు ఫోను మాట్లాడటానికి బాల్కనీలోకి వెళ్లినప్పుడు గోధుమ బీరు గ్లాసు మళ్లీ వాసన చూశాను. "అరటిపండు, లవంగం" అని నాలో నేనే గొణుక్కున్నాను. వెనకనుంచి ఎవరో "గట్ల చెప్పాలె అన్నా!" అన్నారు. చూస్తే రబ్బరు బూట్లు తొడుక్కున్న ముప్పయ్యేళ్ల మనిషి. ఆ పీపాల్లో బీరు కాచేది ఆయనేనట. ఇల్లు బోరబండ, చదివింది కెమిస్ట్రీ.

"అరటిపండు వేశారా ఇందులో?" అన్నాను.

"ఏం వెయ్యలే. ఈస్టు పులిసేటప్పుడు గా వాసన అదే పుట్టిస్తది. వచ్చినోళ్లందరు నోట్స్, నోట్స్ అంటరు. ఏం వాసనో ఒక్కరు చెప్పరు."

అలా నాకు గురువు దొరికాడు. సిట్టింగుకి అరగంట ముందే వెళ్లి పాఠాలు నేర్చుకున్నాను. లేతరంగువి ముందు, ముదురువి తర్వాత తాగాలి. మరీ చల్లగా ఉంటే నాలిక మొద్దుబారి రుచి తెలియదు. ముందు వాసన, తర్వాత గుక్క. "మొదటి గుక్క నోరు కడుగుతది, రెండోది ముచ్చట చెప్తది" అనేవాడు. నల్లగా ఉండే స్టౌటుని నేను అడుగంటిన బెల్లం పాయసంలో కాఫీ ఒలికినట్టుందంటే పొంగిపోయాడు. పులుపుగా చేసే సోర్ రకం ఉప్పునిమ్మకాయ సోడాలా ఉందన్నాను. దానికైతే పక్కన ఉన్న వెయిటర్‌ని పిలిచి మరీ చెప్పాడు. వాళ్ల తాత కల్లు గీసేవాడట. "పొద్దుగాల కల్లు, పొద్దూకినంక కల్లు పక్కపక్కన పెట్టి తాగిపిచ్చెటోడు. పులుపు పుట్టిందా, పాడైందా అన్నది నాకు గాడనే సమజైంది."

వారం తిరిగేసరికి గోడమీద సుద్దపలకలో ఐపీఏ పేరు కింద "పంపరపనస తొక్క, వేపపుల్ల" అని నా మాటలు రాశాడు. చూసి మురిసిపోయాను. అక్కడా నా పేరు లేదనుకోండి, అది వేరే సంగతి.

మూడో సిట్టింగులో డైరెక్టరుగారి చేతిలో గోధుమ బీరు ఉండగా ఇంటర్వెల్ మలుపు తట్టింది. అంటే, నేను చెప్పాను, ఆయన దాన్నే గట్టిగా చెప్పారు. అంతే, ఆ క్షణం నుంచి గోధుమ బీరు సెంటిమెంటయి కూర్చుంది. అదే బల్ల, ముందు అదే గ్లాసు, కో-డైరెక్టరుకి అదే ఆకుపచ్చ చొక్కా. మా వాళ్లు కథని నమ్మరు గానీ చొక్కాని నమ్ముతారు. మిగతా ఐదు రకాలూ పలక మీద అనాథల్లా మిగిలిపోయేవి.

క్లైమాక్స్ ఖాయం చేసే రోజు వచ్చింది. నేను రాసింది చిన్న సీను. హీరో తాను మోసం చేసిన అన్న ఇంటికి వెళ్లి, గుమ్మంలో నిలబడి "అన్నం ఉందా?" అంటాడు. అన్న మాట్లాడకుండా కంచం తెచ్చి పెడతాడు. అంతే. పదకొండేళ్లలో నేను రాసినవాటిలో నాకు నచ్చింది అదొక్కటే. మా ఆవిడకి చదివి వినిపిస్తే లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. వెనకాలే వెళితే కళ్లు తుడుచుకుంటోంది.

గోధుమ బీరు వచ్చింది. డైరెక్టరుగారు గుక్క వేశారు. కళ్లు మూసుకున్నారు. "ఓహో, ఇవాళ దీన్ని సోర్ చేశారు! వాట్ ఎ ఛేంజ్!"

"అదిరింది సార్" అన్నాడు కో-డైరెక్టరు, అయిదో రకంలో.

నేను వాసన చూశాను. అరటిపండు లేదు, లవంగం లేదు. మర్చిపోయి మూలన వదిలేసిన మజ్జిగ కుండలా ఉంది. రెండో గుక్క వేశాను. ఇది పులుపు పుట్టించింది కాదు, పాడైపోయింది. నాకు స్పష్టంగా తెలిసింది. గ్లాసు కింద పెట్టి, "ఉప్పునిమ్మకాయ గుర్తొచ్చింది సార్" అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ హుషారులోనే నా క్లైమాక్స్ తీసేశారు. హీరో అన్నం అడుక్కోవడమేంటి, ఫ్యాన్స్ ఒప్పుకోరన్నారు. మండుతున్న సిమెంటు లారీల మధ్య నిలబడి మట్టి గురించి, నెత్తురు గురించి, అమ్మ గురించి నాలుగు పేజీల డైలాగు కొడతాడట. ఆ డైలాగు అక్కడికక్కడే లేచి నటించి చూపించారు. కో-డైరెక్టరు ఏడో రకానికి వెళ్లిపోయాడు.

"రైటరుగారూ, మీరు చెప్పండి. కార్డు మీద ఉండేది మీ పేరు" అన్నారు డైరెక్టరుగారు.

కక్కలేను, మింగలేను. నోట్లో ఇంకా ఆ పాడైన పులుపుంది. కళ్ల ముందు మాత్రం తెర, దాని మీద నా పేరు కనిపించాయి. "అదిరింది సార్" అన్నాను. నాకు తెలియకుండానే అది మూడో రకంలో వచ్చింది.

అప్పుడొచ్చాడు మా గురువు, రబ్బరు బూట్లు టపటపలాడించుకుంటూ. "సార్, గోధుమది తాగకుండ్రి. పాడైంది. పొయ్యద్దని పొద్దుగాలనే చెప్పిన. మీరు అదే కావాలన్నరని పోసిండ్రంట."

కో-డైరెక్టరు తన గ్లాసు వైపు చూసి, డైరెక్టరుగారి వైపు చూశాడు.

"పాడయిందా? ఇది స్టైల్ కాదా?" అన్నారు డైరెక్టరుగారు.

"స్టైల్ ఏం లేదు సార్. పులిసిపోయింది."

ఆయన గ్లాసుని వెలుతురుకి ఎత్తి చూసి, మావైపు తిరిగారు. "ఏమో, మనకి నచ్చింది కదా?"

"నచ్చింది సార్" అన్నాం, ఇద్దరమూ ఒక్కసారే. సెంటిమెంటు చెడకుండా గ్లాసు ఖాళీ చేసి, క్లైమాక్స్ ఖాయం చేసి లేచాం.

మెట్ల దగ్గర నేను వెనకబడ్డాను. అద్దాల అవతల మావాడు పీపా మూత తిప్పాడు. తెల్లటి నురగ కాలవలోకి జారిపోతోంది. లోపలికి వెళ్లి, "మొత్తం పారబోస్తున్నావా? ఎన్నాళ్ల పనిది?" అన్నాను.

"ఇరవై రోజులైంది అన్నా."

"బాధనిపించదా?"

"అనిపిస్తది. గానీ బయటికి పోయే గ్లాసు నా పేరు మీద పోతది గదా." నురగ వైపు చూస్తూనే అన్నాడు: "నువ్వు గ్లాసు కింద పెట్టుడు అద్దంలకెల్లి చూసిన, అప్పుడే నీకు తెలిసిందని నాకు సమజైంది. ఎందుకు చెప్పలే?"

"ఆ బల్ల దగ్గర మాట్లాడే వరసలో నేను మూడోవాణ్ణి" అన్నాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నాకు సిగ్గేసింది.

సినిమా వచ్చింది. "మాటలు" అని, దాని కింద నా పేరు ఒక్కటే, తెరకి ఈ చివర నుంచి ఆ చివర దాకా పడింది. పక్క సీట్లో మా ఆవిడ ఫోనెత్తి ఫోటో తీసింది. క్లైమాక్స్‌లో హీరో రెండో పేజీకి వచ్చేసరికి వెనక వరసల్లో నవ్వులు మొదలయ్యాయి. మూడో పేజీకి జనం చెప్పులు వెతుక్కుంటున్నారు. ఆమె నావైపు తిరిగి, మెల్లగా "అన్నం సీను ఏదండీ?" అంది.

రెండు వారాలాగి, ఓ మధ్యాహ్నం ఒంటరిగా ఆ మేడెక్కాను. మావాడు ఒక కొత్త గ్లాసు తెచ్చి ముందు పెట్టి, "చెప్పు" అన్నాడు. వాసన చూశాను. రెండు గుక్కలు వేశాను.

"చేదెక్కువైంది. చేదు తప్ప వెనకాల ఏమీ లేదు."

సంతోషంగా జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. అది చూసి నాకూ ధైర్యమొచ్చింది. "సినిమా చూశావా?" అన్నాను.

"మొదటి రోజే. నీ పేరు పడ్డప్పుడు సీటీ కొట్టిన."

"ఎలా ఉంది?"

పుస్తకం మూశాడు. "ఇంటర్వెల్ దాకా మంచిగుండె. ఆఖరికి పులిసింది అన్నా. నీకు తెల్వలేదా?"

"ఖాయం చేసిన రోజే తెలిసింది."

"మరెందుకు పారబొయ్యలే?"

ఇంటికి వచ్చేశాను. ఆ టైటిల్ కార్డు ఫోటోకి మా ఆవిడ ఫ్రేము కట్టించి గదిలో తగిలించింది, రోజూ కొంగుతో తుడుస్తుంది. అన్నానికి కూర్చునేటప్పుడు నేను కుర్చీ రెండోవైపు తిప్పుకుంటాను. ఎందుకని ఆమె ఇంతవరకూ అడగలేదు.